ఫస్ట్ పీరియడ్‌లో కళ్లెందుకు తిరుగుతాయి? తిరుపతి కాలేజీ పిల్లల ఆరోగ్యం మీద కొన్ని లెక్కలు

ఓ సోమవారం పొద్దున, డిగ్రీ రెండో ఏడాది క్లాసు. పాఠం మొదలుపెట్టి పది నిమిషాలు కూడా కాలేదు, మూడో బెంచీలో ఒక అమ్మాయి డెస్కు మీద తల వాల్చేసింది. నిద్రపోతోందేమోనని పేరు పెట్టి పిలిచాను. లేచి నిలబడబోయి తూలింది. పక్క పిల్లలు పట్టుకోకపోతే కింద పడేదే. స్టాఫ్ రూములో కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, పొద్దున ఏం తిన్నావమ్మా అని అడిగాను.

"టీ తాగొచ్చినా మేడమ్. తినేదానికి టైమ్ ఏడుంది? ఏడింటి బస్సు పోయిందంటే ఫస్ట్ పీరియడ్ అటెండెన్స్ పోతాది."

పాకాల అవతల పల్లె ఆ పిల్లది. ముందురోజు రాత్రి పడుకునేసరికి ఒంటిగంట అయిందట. రికార్డు రాయడం పదకొండున్నరకు అయిపోయింది, ఆ తర్వాత ఫోను.

ఆ రోజు నేను చెప్పింది అందరూ చెప్పేదే. పొద్దున్నే తిను, తొందరగా పడుకో. సరే మేడమ్ అని వెళ్లిపోయింది. తర్వాత చాలాసేపు ఆ మాట నన్నే గుచ్చింది. ఏడింటి బస్సు ఆ పిల్ల పెట్టింది కాదు. తొమ్మిదింటి క్లాసు పెట్టిందీ, వారానికి రెండు రికార్డులు రాయమన్నదీ మేమే.

కాలేజీల్లో ఆరోగ్యం పేరుతో చాలా చేస్తాం. జూన్ 21న యోగా చేయిస్తాం. సెప్టెంబరు మొదటి వారం పోషకాహార వారోత్సవమని గోడలకు ఛార్టులు అంటిస్తాం. ఒత్తిడి మీద ఎవరో పెద్దాయన వచ్చి మాట్లాడతాడు. ఇవన్నీ మంచివే. కానీ తిండి మీద ఒక ఉపన్యాసం, నిద్ర మీద ఒకటి, మనసు మీద ఒకటి విడివిడిగా పెట్టేసరికి పిల్లలకు అవి వేర్వేరు సంగతుల్లా కనిపిస్తాయి. వాళ్ల రోజులో అన్నీ ఒకే ముడి. అది బిగుసుకునేది పొద్దున ఆరుకూ తొమ్మిదికీ మధ్యన. విప్పాలంటే ముందురోజు రాత్రి నుంచి మొదలుపెట్టాలి.

రాత్రి ఒంటిగంట

18 నుంచి 25 ఏళ్ల వయసువాళ్లకు రోజుకు 7 నుంచి 9 గంటల నిద్ర కావాలని నిద్రా వైద్యులు చెబుతారు. ఏడింటి బస్సుకు ఐదూముక్కాలుకు లేవాలి. ఎనిమిది గంటలు నిద్ర పట్టాలంటే రాత్రి పదికి ముందే కళ్లు మూతపడాలి. చిక్కు ఇక్కడే ఉంది. టీనేజీ చివరికొచ్చిన పిల్లల్లో నిద్రను పిలిచే మెలటోనిన్ హార్మోను పెద్దవాళ్లకన్నా, చిన్నపిల్లలకన్నా ఆలస్యంగా ఊరుతుంది. పదింటికి మనకు ఆవులింతలు వస్తుంటే వాళ్లకు అప్పుడే హుషారొస్తుంది. అది పొగరూ కాదు, బద్ధకమూ కాదు, ఆ వయసు శరీరధర్మం. ఇరవైల మధ్యకు వచ్చేసరికి నెమ్మదిగా సర్దుకుంటుంది.

ఈ సహజమైన ఆలస్యం మీద ఫోను ఇంకో గంటో రెండు గంటలో వేస్తుంది. కళ్లకు దగ్గరగా పట్టుకున్న వెలుగు మెలటోనిన్‌ను వెనక్కి నెడుతుంది. వెలుగొక్కటే అయితే తగ్గించి పెట్టుకోవచ్చు. ఒక రీల్ తర్వాత ఇంకోటి రావడం, మన పోస్టుకు ఎవరేమన్నారో చూడాలనిపించడం మెదడును మేల్కొల్పే ఉంచుతాయి. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీ కూడా లెక్కలోకి వస్తుంది. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది.

ఇంకో కారణం గురించి ఎవరూ మాట్లాడరు. మన దగ్గర చాలామంది పిల్లలు ఇంటర్ రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీల్లో గడిపి వస్తారు. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి మళ్లీ స్టడీ అవర్. నిద్ర తగ్గించుకున్నవాడే బాగా చదివేవాడని ఆ రెండేళ్లూ నూరిపోస్తారు. డిగ్రీకో బీటెక్‌కో వచ్చాక ఆ కాపలా ఉండదు, చేతికి ఫోను వస్తుంది. నిద్రకు విలువ లేదన్న నమ్మకం మాత్రం మిగిలిపోతుంది. నిజానికి పగలు చదివింది జ్ఞాపకంగా నిలదొక్కుకోవడంలో నిద్రది పెద్ద పాత్ర. పరీక్ష ముందురోజు తెల్లార్లూ కూర్చున్న పిల్ల చదివిందాన్ని తన చేతులతోనే సగం చెరిపేసుకుంటోంది.

మీడియం సంగతీ ఉంది. 2021–22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువు ఇంగ్లీషు మీడియంలోకి మారింది. పదో తరగతి దాకా తెలుగులో చదివిన పల్లె పిల్లకు ఒక పేజీ అర్థం చేసుకోవడానికి పట్టే సమయం రెట్టింపు. ఆ రెట్టింపు సమయం కూడా రాత్రిలోంచే వస్తుంది.

ఖాళీ కడుపులో టీ

ఆ అమ్మాయిని రుయా ఆస్పత్రికి పంపించాం. హిమోగ్లోబిన్ 8.9 వచ్చింది. గర్భం లేని ఆడవాళ్లకు 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత కిందే లెక్క. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకుముందు విడతలో 60 శాతం. దాదాపు నాలుగేళ్లు గడిస్తే తగ్గింది అంతే. అరవై మంది అమ్మాయిలున్న క్లాసులో నిలబడి ఈ లెక్క గుర్తు చేసుకుంటే గుండె బరువెక్కుతుంది. పాఠం ఎక్కలేదని మనం తిట్టే పిల్లల్లో ఎంతమందికి మెదడుకు ప్రాణవాయువే సరిగ్గా అందట్లేదో.

రక్తంలో ఎర్రకణాలు ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువు మోస్తాయి. ఆ మోతకు ఇనుము కావాలి. నెలనెలా రక్తం పోతుంది కాబట్టి ఆడవాళ్లకు ఎక్కువ కావాలి. 2020లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన లెక్కలో మగవాళ్లకు రోజుకు 19 మిల్లీగ్రాములైతే ఆడవాళ్లకు 29. పాలిష్ పట్టిన బియ్యంలో ఇనుము నామమాత్రం. ఆకుకూరల్లో, పప్పుల్లో, రాగుల్లో ఉన్న ఇనుమునూ ఒళ్లు పూర్తిగా తీసుకోదు, కొంతే పీల్చుకుంటుంది. ఆ కొంత పెరగడమా తగ్గడమా అనేది పక్కన ఏం తింటున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. నిమ్మ, ఉసిరి, జామ లాంటి విటమిన్ సి ఉన్నవి పెంచుతాయి. టీ, కాఫీల్లోని టానిన్లు అడ్డుపడతాయి. అందుకే భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ తాగొద్దని అదే సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో చెప్పింది.

ఇప్పుడు మన హాస్టళ్లు చూడండి. ఉప్మాతో పాటే టీ. తిన్న వెంటనే టీ. టీతో ఆకలి చచ్చిపోయి ఉప్మా సగం వదిలేసేవాళ్లు కొందరు. టీని సాయంత్రం నాలుగున్నరకు జరిపితే పైసా ఖర్చు లేదు. ఇంత చిన్న మార్పుకు ఇన్నేళ్లు ఎందుకు పడుతోందో నాకు అర్థం కాదు.

స్కూలు పిల్లలకు వారానికో ఐరన్ మాత్ర ఇచ్చే పథకం ఉంది. 10 నుంచి 19 ఏళ్లవాళ్ల కోసం అది. బడిలో టీచరు ముందు మింగాలి. ఇంటర్ దాటి కాలేజీకి వచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్లకు వయసు ప్రకారం అర్హత ఉన్నా, మాత్ర చేతిలో పెట్టి మింగించే మనిషి ఉండదు. మందుల షాపులో కొనుక్కుని వేసుకున్నవాళ్లు కడుపులో తిప్పుతోందని, మలం నల్లగా వస్తోందని వారానికే మానేస్తారు. మలం నల్లగా రావడం ఆ మందు గుణం, భయపడాల్సింది కాదు. వికారం ఉంటే మందు మార్చడమో మోతాదు సర్దడమో డాక్టరు చేస్తారు. అసలు ముందు పరీక్ష చేయించుకోవాలి. పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే చేస్తారు.

అరవై ఆరు రూపాయలు

2020లో రాష్ట్ర ప్రభుత్వం హాస్టల్, భోజన ఖర్చుల కింద డిగ్రీ, ఆపై చదువుల పిల్లలకు ఏడాదికి 20,000 రూపాయలు ఇచ్చే పథకం పెట్టింది. పది నెలలకు పంచి చూస్తే రోజుకు 66 రూపాయలు. మూడు పూటల తిండి, గది, కరెంటు అన్నీ అందులోనే. ఇచ్చిన డబ్బు చిన్నదని తీసిపారేయడం లేదు, ఎన్నో ఇళ్లకు అది ఆసరా అయింది. కానీ ఆ లెక్కలో మెస్ నడపాలంటే ఏం చవగ్గా దొరుకుతుందో అదే ఎక్కువ వండుతారు. అన్నం ఎంతైనా పెడతారు, పప్పు మాత్రం నీళ్లలా ఉంటుంది.

పోషకాహార సంస్థ 2,000 కేలరీల రోజుకు చెప్పిన పళ్లెంలో బియ్యం, గోధుమ, చిరుధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, పళ్లు 100, గింజలు 35 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు. మన మెస్సుల్లో మొదటిది ఒక్కటే అంతకు మించి ఉంటుంది. 50 కిలోల బరువున్న అమ్మాయికి రోజుకు 40 గ్రాములకు కాస్త పైన మాంసకృత్తులు కావాలి. అన్నం, పల్చటి సాంబారు, మజ్జిగతో ఆ లెక్క తేలదు.

మన చిత్తూరు ప్రాంతపు పాత తిండిని నేను ఇక్కడ గుర్తు చేయకుండా ఉండలేను. రాగి సంగటి, చెనక్కాయల ఊరుబిండి, ఉలవచారు, అలసందల పులుసు, సంక్రాంతి రోజుల్లో అనపగింజలతో పితికిన పప్పు. ఇవి కూలి చేసుకునే ఇళ్ల తిండి, ఖరీదైనవి కావు. రాగుల్లో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. పాలల్లో అంతే బరువుకు 120 దాకా ఉంటుంది. చెనక్కాయ గింజల్లో నాలుగో వంతు మాంసకృత్తులే. పిడికెడు గింజలు, అంటే 30 గ్రాములకు, నాలుగైదు రూపాయలకన్నా ఎక్కువ కాదు. ఉడకబెట్టిన గుడ్డుతో సమానమైన మాంసకృత్తులు వస్తాయి. చెనక్కాయ పండించే నేల మీద ఉండి, హాస్టల్ పిల్లకు సాయంత్రం గుప్పెడు ఉడకేసిన చెనక్కాయలు పెట్టలేమా?

పిల్లలే సంగటి వద్దంటారని వార్డెన్లు అంటారు. కొంత నిజమే. ఇంట్లో రోజూ తిన్నది పట్నంలో తినడం నామోషీగా ఉంటుంది కొందరికి. కానీ మెస్ కమిటీలో పిల్లల్ని కూర్చోబెట్టి వారానికి రెండు పూటలతో మొదలుపెట్టి, ఊరుబిండి బాగా నూరించి చూడండి. పచ్చడి రుచిగా ఉంటే ముద్ద అదే లోపలికి పోతుంది. రూముల్లో ఉండి చదివేవాళ్ల కష్టం వేరు. పొద్దున వండుకోలేరు, రాత్రి కర్రీ పాయింట్లో కూర కొనుక్కుంటారు, లేదంటే ఫ్రైడ్ రైస్ బండి. అన్న క్యాంటీన్లో అయిదు రూపాయలకు టిఫిను, భోజనం దొరుకుతుంది. ఆ లైన్లో నిలబడడానికి సిగ్గుపడే పిల్లలకు నేను చెప్పేది ఒకటే, ఆకలికి సిగ్గేంటమ్మా.

కాలేజీ క్యాంటీన్లలో జంక్ ఫుడ్ అమ్మొద్దని యూజీసీ 2016లో, మళ్లీ 2018లో ఉత్తరాలు రాసింది. గేటు బయట బండి పెడితే ఆ ఉత్తరం ఏమీ చేయలేదు. లోపల ఆకలి తీర్చేదేదో పెడితేనే బయటి బండికి గిరాకీ తగ్గుతుంది.

నీళ్లు తాగని పిల్లలు

ఇది చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. ఏప్రిల్‌లో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో కూడా మా అమ్మాయిల్లో చాలామంది పొద్దున ఏడు నుంచి సాయంత్రం అయిదు దాకా గ్లాసెడు నీళ్లకు మించి తాగరు. కారణం బాత్రూములు. తలుపు గడియ ఉండదు, నీళ్లు రావు, చెత్తబుట్ట ఉండదు. నెలసరి రోజుల్లో అయితే కాలేజీకే రాకపోవడం మేలనుకుంటారు. అటెండెన్స్ తగ్గితే మళ్లీ మనమే అడుగుతాం, ఎందుకు రాలేదని.

నీళ్లు తాగకపోతే మూత్రం చిక్కబడుతుంది, ఆపుకుంటే మూత్రాశయంలో సూక్ష్మజీవులు పెరిగే వీలు దొరుకుతుంది. మామూలుగా మూత్రం పోసినప్పుడల్లా అవి కొట్టుకుపోతాయి. మంట, జ్వరం, నడుం నొప్పి అలా వస్తాయి. తలనొప్పి, నీరసం, పాఠం మీద ధ్యాస నిలవకపోవడం కూడా నీళ్లు తక్కువైనందుకే కావచ్చు. ఆరోగ్య అవగాహన సదస్సుకు పెట్టే ఫ్లెక్సీ ఖర్చుతో రెండు గడియలు, ఒక కుళాయి బాగుచేయించవచ్చు. ఏ కాలేజీకైనా గ్రేడులిచ్చే న్యాక్ బృందం వస్తోందంటే బాత్రూములు వారంలో మెరుస్తాయి. చేయగలమని అప్పుడు తెలిసిపోతుంది కదా.

పిక్కలు పట్టేసిన మర్నాడు

అలిపిరి దారిలో మెట్లు 3,550. శ్రీవారిమెట్టు దారిలో 2,388. పరీక్షల ముందో ఫలితాల తర్వాతో ఒక్కసారైనా ఎక్కని పిల్లలు ఇక్కడ తక్కువ. ఎక్కిన మర్నాడు క్లాసులో చూడాలి, పిక్కలు పట్టేసి గోడ పట్టుకుని నడుస్తారు. పంతొమ్మిదేళ్ల ఒంటికి రోజువారీ కదలిక ఎంత తక్కువగా ఉందో ఆ నడక చూస్తే తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పింది వారానికి కనీసం 150 నిమిషాలు, అదీ కాస్త ఆయాసం వచ్చేలా. అంటే వారానికి అయిదు రోజులు అరగంట చురుగ్గా నడిస్తే చాలు. ఏడాదికోసారి కొండెక్కిన భక్తి గొప్పది, కానీ గుండెకూ కండరాలకూ కావాల్సింది ఆ రోజువారీ అరగంట.

అబ్బాయిలకు సాయంత్రం క్రికెట్టైనా ఉంది. అమ్మాయిల హాస్టల్ గేటు ఆరుకో ఆరున్నరకో పడిపోతుంది. క్లాసులు నాలుగున్నరకు అయిపోతే మిగిలింది గంటన్నర, ఎండాకాలమంతా ఆ గంటన్నర ఎండే. గ్రౌండు అబ్బాయిలతో నిండి ఉంటుంది. టైమ్‌టేబుల్లో గేమ్స్ పీరియడ్ ఉంటుంది గానీ సిలబస్ కాలేదని లెక్చరర్లు తీసేసుకుంటారు. నేనూ తీసుకున్నాను, చాలాసార్లు. ఇప్పుడు ఆ పని చేయను. వారానికి రెండు సాయంత్రాలు గ్రౌండు అమ్మాయిలకే అని బోర్డు పెట్టి, ఆడ పీడీ (ఆటల టీచరు) ఒకరు దగ్గరుంటే వాళ్లంతట వాళ్లే వస్తారు. త్రోబాల్‌కు అంత మంది వస్తారని మొదటిసారి నేనూ అనుకోలేదు.

మాట్లాడే మనిషి

నిద్ర లేనివాళ్లకు దిగులు తొందరగా పట్టుకుంటుంది, దిగులున్నవాళ్లకు నిద్ర పట్టదు. రక్తం తక్కువైన నీరసాన్ని డిప్రెషన్ అనుకునేవాళ్లున్నారు, డిప్రెషన్‌ను నీరసమని టానిక్ తాగేవాళ్లున్నారు. అందుకే ఒంటినీ మనసునూ విడదీసి చూడొద్దంటాను. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్లలో ప్రతి ఒక్కరి పక్కనా ఒక రూమ్మేటు, ఒక లెక్చరరు ఉండి ఉంటారు. నన్ను నిలవనీయని ఆలోచన ఇది.

విశాఖపట్నంలో ఓ విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సిలరు కనీసం ఒకరు ఉండాలన్నది వాటిలో ఒకటి. మాలాంటి కాలేజీల్లో ఇప్పటిదాకా ఆ పని ఎవరో ఒక లెక్చరర్‌కు అదనపు బాధ్యతగా అంటగడుతూ వచ్చారు. మార్కులు వేసే మనిషి దగ్గర పిల్లలు మనసు విప్పరు. ఇంటి అప్పు, ప్రేమ, బ్యాక్‌లాగులు, రూములో ఎవరో ఏడిపించడం, ఇవన్నీ చెప్పుకోవడానికి తన అటెండెన్సుతో సంబంధం లేని మనిషి కావాలి.

ఆ మనిషి దొరికేదాకా ఒక నంబరు గుర్తుంచుకోండి, 14416. టెలీ మానస్ అంటారు, మనసు బాధలు చెప్పుకునేందుకు ప్రభుత్వం పెట్టిన ఫోను సేవ. 2022 అక్టోబరు 10న మొదలైంది, ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. స్నేహితురాలు ఉన్నట్టుండి వస్తువులు పంచిపెట్టేస్తున్నా, నేను లేకపోతే అందరికీ సుఖం లాంటి మాటలంటున్నా, వట్టిదేలే అనుకోవద్దు. సూటిగా అడగండి, ఒంటరిగా వదలకండి, పెద్దవాళ్లకు చెప్పండి. అలా అడిగితే ఆ ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం అక్కర్లేదు.

పొగాకు గురించి రెండు ముక్కలు. విద్యాసంస్థకు 100 గజాల లోపు సిగరెట్లు, గుట్కా అమ్మకూడదని 2003 చట్టం. మీ కాలేజీ గేటు నుంచి అడుగులు లెక్కపెట్టి చూడండి. గంజాయి సంగతి ఎక్కడైనా కంటబడితే ఫిర్యాదుకు రాష్ట్రంలో 1972 అనే నంబరు ఉంది.

మా డిపార్ట్‌మెంట్లో మేం చేసింది చిన్న పని. మొదటి పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు ఎవరైనా బాక్సు తెరిచి తినొచ్చు, అటెండెన్సు ఆ తర్వాతే. రెండు రికార్డులను ఒకటి చేశాం. ఆ పాకాల పిల్ల ఇప్పుడు డబ్బాలో సద్ది సంగటి, మజ్జిగ, కొన్నిసార్లు ఊరుబిండి తెచ్చుకుంటోంది. పక్క బెంచీవాళ్లు ఊరుబిండికి చేయి చాస్తున్నారు. మాత్రలు మూడు నెలలు వేసుకున్నాక హిమోగ్లోబిన్ 11.2కు వచ్చింది. ఇంకా 12 కాలేదు కాబట్టి మానొద్దని డాక్టరమ్మ చెప్పింది. బస్సు మాత్రం ఇంకా ఏడింటిదే. ఏడున్నరకు ఒకటి వేయమని ఆ దారి పల్లెల పిల్లలంతా సంతకాలు చేసి డిపోలో ఇచ్చొచ్చారు.